134 హార్స్‌పవర్ చాలు, ముందు స్టీరింగ్ సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డల్లాస్ దగ్గర ఉంటున్నారు. 1994 నాటి నిస్సాన్ హార్డ్‌బాడీ పికప్, వెనుక చక్రాల డ్రైవు, చిన్న క్యాబిన్, ఐదు గేర్ల మాన్యువల్, 134 హార్స్‌పవర్ ఇచ్చే 2.4 లీటర్ల ఇంజిన్, లక్షా తొంభై వేల మైళ్ళు తిరిగింది, 2,800 డాలర్లకు కొన్నారు. చేతిలో ఇంకో 6,000 డాలర్లున్నాయి. షెవర్లే సిల్వరాడో పికప్ నుంచి తీసిన 5.3 లీటర్ల వీ8 ఇంజిన్ 900 డాలర్లకు దొరుకుతోంది. దాన్ని బిగిస్తే బండికి వేగమూ వస్తుంది, డ్రిఫ్ట్ చేయడానికీ, అంటే మలుపులో వెనుక చక్రాలను కావాలనే జారించి బండిని పక్కవాటుగా నడపడానికీ పనికొస్తుంది కదా అని అడిగారు. వారంలో నాలుగు రోజులు ఇదే బండిలో ఆఫీసుకు వెళ్ళాలని చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నన్నడిగితే ఆ వాక్యం మొదట రాయవలసింది.

ఆ ఇంజిన్ కొనకండి. ఈ ఏడాది మాత్రం కచ్చితంగా కొనకండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ కమాన్ల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల) షెడ్డులో పెరిగాను. లారీల కింద పడుకుని కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పుతూ చదువుకున్నవాణ్ని. టెక్సస్‌కు వచ్చాక ఇలాంటి చిన్న పికప్‌లు మూడింటిని డ్రిఫ్ట్ కోసం తయారు చేశాను. అందులో మొదటిదాన్ని సరిగ్గా మీరు చేయబోతున్న పద్ధతిలోనే చేసి పాడుచేశాను. ముందు ఇంజిన్, తర్వాతే మిగతావన్నీ అనుకున్నాను. ఆ బండి నేరుగా బాగా పరుగెత్తేది. మలుపులో మాత్రం మూడుసార్లలో రెండుసార్లు బొంగరంలా తిరిగి ఆగేది.

ఎందుకో చెబుతాను. ఖాళీ పికప్‌లో బరువంతా ముందే ఉంటుంది. నా రెండో బండిని తూకం వేయిస్తే 58 శాతం ముందు, 42 శాతం వెనుక చూపించింది. వెనుక ఉన్నది రేకుల తొట్టె, ఇరుసు, రెండు కమాన్ కట్టలు, అంతే. అందువల్ల వెనుక చక్రాలు జారడానికి గొప్ప శక్తి అక్కరలేదు. వాన పడినప్పుడు మీ బండి రెండో గేరులో, ఇప్పుడున్న ఇంజిన్‌తోనే తోక ఊపుతుంది, మీరు గమనించే ఉంటారు. జారించడం ఈ బండికి పుట్టుకతో వచ్చిన విద్య. మనకు కావలసింది జారుతున్నదాన్ని ఒక కోణంలో నిలబెట్టడం. ఆ పని చేసేవి ముందు చక్రాలు, వెనుక ఇరుసు, మీ చేతులు. ఇంజిన్ వంతు వీటన్నిటి తర్వాతే వస్తుంది.

స్టీరింగ్‌తో మొదలుపెడదాం. బండి ఎడమ మలుపులో పక్కకు జారుతున్నప్పుడు ముందు చక్రాలు కుడివైపు తిరిగి, బండి నిజంగా వెళుతున్న దిక్కును చూడాలి. బండి 40 డిగ్రీలు పక్కకు తిరిగిపోయి, ముందు చక్రాలు 35 దగ్గరే ఆగిపోయాయనుకోండి. ఇక మీరు చేయగలిగేదేమీ లేదు, గిర్రున తిరగడమే. మామూలు బండ్ల చక్రాలు దాదాపు ఆ 35 దగ్గరే ఆగుతాయి. పోటీల్లో తిరిగే డ్రిఫ్ట్ కార్లలో 60 దాటేలా ముందు భాగమంతా మార్చి పెడతారు. మీరు అంత దూరం పోనక్కరలేదు. ఉన్న కోణమంతా వాడుకోగలిగితే చాలు.

హార్డ్‌బాడీలో ఉన్నది కార్లలో ఉండే ర్యాక్ (పళ్ళ కడ్డీ) స్టీరింగ్ కాదు. లారీల్లోలాగా బాక్సు, దాని చేయి, మధ్య లింకు, అటువైపు ఐడ్లర్ ఆర్మ్, చివర టై రాడ్లు, ఇవన్నీ స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే కడ్డీలు. ముప్పై ఏళ్ళ బండిలో ఈ ఐడ్లర్ ఆర్మ్ బుష్ (లోపలి తొడుగు) అరగకుండా ఉండదు. బండిని జాకీ మీద పైకెత్తి, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపండి, అవతలి చక్రం కదలకుండా ఇవతలిది కదిలితే ఎక్కడో లూజు ఉన్నట్టే. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆ లూజు మీకు తెలియదు. డ్రిఫ్ట్‌లో స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క క్షణంలో పోతుంది, అప్పుడు ఆ రెండు మిల్లీమీటర్లే మిమ్మల్ని మోసం చేస్తాయి. ఐడ్లర్ ఆర్మ్, మధ్య లింకు, నాలుగు టై రాడ్ చివరలు, అన్నీ ఒకేసారి మార్చేయండి. ఒకటి కొత్తది, మూడు పాతవి పెడితే పాతవాటి లూజంతా అలాగే ఉంటుంది, అలైన్‌మెంట్ డబ్బులు రెండుసార్లు కడతారు.

చక్రాలు తిరిగే హద్దును ఆపే స్టాప్ బోల్టులు ముందు భాగంలో ఉంటాయి. వాటిని కొంచెం లోపలికి బిగిస్తే రెండు మూడు డిగ్రీలు అదనంగా వస్తాయి. అయితే పూర్తిగా తీసేయకండి. అవి లేకపోతే చక్రం తన్నినప్పుడు ఆ దెబ్బంతా స్టీరింగ్ బాక్సు లోపలి పళ్ళ మీద పడుతుంది. బాక్సు లోపలి హద్దుకు తగలడానికి కాస్త ముందే బయటి బోల్టు ఆపాలి, దానికి తగ్గట్టు సర్దుకోవాలి. టైరు ఫ్రేముకు రాసుకుంటుందేమో చూసుకోండి.

ఇంకొకటి క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా నేరుగా పోవడానికి అదొక కారణం. కారులోనూ అంతే. జారుతున్న బండిలో స్టీరింగ్‌ను కాస్త వదిలితే, క్యాస్టర్ ఎక్కువ ఉన్నప్పుడు అదే పరుగెత్తి సరైన దిక్కుకు తిరుగుతుంది. డ్రిఫ్ట్ చేసేవాళ్ళు స్టీరింగ్‌ను వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చే దృశ్యాలు చూసే ఉంటారు, ఆ పని చేసేది క్యాస్టరే. పికప్‌లకు కంపెనీ ఇచ్చే క్యాస్టర్ చాలా తక్కువ. హార్డ్‌బాడీలో పై ఆర్మ్‌ను ఫ్రేముకు బిగించే చోట షిమ్ములనే పలుచని రేకు ముక్కలుంటాయి. వాటిని ముందుకూ వెనక్కూ సర్ది క్యాస్టర్‌ను ఎంత వస్తే అంత పెంచమని అలైన్‌మెంట్ మనిషికి చెప్పండి. పేపరు మీద ఉన్న కంపెనీ కొలతలకే సరిచేస్తానంటే మర్యాదగా నమస్కారం పెట్టి వేరే షెడ్డుకు వెళ్ళండి. బాక్సు స్టీరింగ్ కాబట్టి ఎంత చేసినా ర్యాక్ ఉన్న కారంత చురుగ్గా తిరగదు. చేతులే కాస్త ముందుగా పనిచేయాలి, అది అలవాటవుతుంది.

ముందు సస్పెన్షన్‌లో చుట్ట స్ప్రింగులు లేవు, టార్షన్ బార్లున్నాయి. ఫ్రేము పొడవునా పడుకుని మెలితిరిగే ఉక్కు కడ్డీలవి. వెనుక కొసన ఉన్న బోల్టు వదులు చేస్తే బండి కిందికి దిగుతుంది. ఇంటి ముందు పది నిమిషాల్లో అయిపోయే పని కాబట్టి అందరూ చేసేస్తారు. బోల్టు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. గట్టిపడదు. బండి ఎత్తు మాత్రమే మారుతుంది, కడ్డీ గట్టిదనం అలాగే ఉంటుంది. గట్టిదనం కావాలంటే లావు కడ్డీ కావాలి. అక్కడ గణితం మనవైపే ఉంది. గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే 10 శాతం లావు పెంచితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. అందుకే పెద్ద తేడా ఉన్న కడ్డీ కొనకండి, ఒక మెట్టు పైది చాలు.

బోల్టు వదులు చేసి అతిగా దించినవాళ్ళకు ఏమవుతుందంటే, ఆర్మ్ వెళ్ళి రబ్బరు బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపులో బరువు ఆ పక్కకు వాలగానే సస్పెన్షన్‌లో కదలిక అయిపోతుంది. స్ప్రింగు ఉన్నట్టుండి రాయిలా మారుతుంది, ముందు టైరు పట్టు వదిలేస్తుంది. స్టీరింగ్ తిప్పారు, బండి మాత్రం నేరుగా పోతోంది. రెండు అంగుళాలకు మించి దించకండి. దించాక షాకులు (షాక్ అబ్జార్బర్లు) పొట్టివి వేయండి, పాత పొడుగు షాకులు లోపల అడుగు తగిలి పగులుతాయి.

ఇక వెనుక భాగం. ఇది నా ఇల్లు, కాస్త ఎక్కువ మాట్లాడితే ఓర్చుకోండి.

మీ బండి కమాన్లు ఆరేడు వందల కిలోల సరుకును మోయడానికి కట్టినవి. ఖాళీగా ఉన్నప్పుడు అవి స్ప్రింగులే కావు, ఇనుప దూలాలు. మా షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్లు ఒకటే మాట చెప్పేవారు, లోడుతో పోతుంటే పడవ, ఖాళీగా వస్తుంటే మేక అని. గతుకు మీద మేకలా గంతులేస్తుంది. గంతేసినప్పుడు టైరు గాల్లో ఉంటుంది, గాల్లో ఉన్న టైరుకు పట్టు ఉండదు, జారుడు ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. అందుకని కట్ట అడుగున ఉన్న మందపాటి లోడు పట్టీని తీసేయండి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పేముందు కట్టకు రెండు పక్కలా గట్టి క్లాంపులు వేయడం మరవకండి. పట్టీలు విడిపోతూ విదిలించే దెబ్బకు మణికట్టు విరిగిన కుర్రాణ్ని చూశాను. పట్టీ తీశాక సెంటర్ బోల్టూ యూ బోల్టులూ కొత్తవే వేయండి. ఒకసారి సాగిన యూ బోల్టు రెండోసారి నిలవదు.

పట్టీ తీయగానే ఇంకో సమస్య తలెత్తుతుంది. క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు ముందుకు తిరుగుతాయి, ఇరుసు హౌసింగు మాత్రం వెనక్కి మెలితిరగాలని చూస్తుంది. దాన్ని ఆపే ఆధారం కమాన్ పట్టీలే. పలుచబడ్డ కట్ట ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగుతుంది, ఆ తర్వాత విదిలించుకుని నేరుగా అవుతుంది, మళ్ళీ వంగుతుంది. సెకనుకు అనేకసార్లు. లోపల కూర్చున్నవాడికి బండి వెనుక ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టుంటుంది. నా మొదటి బండిలో ఆ గంతులకు, గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు (కీలు) తెగింది. షాఫ్టు కిందపడి తారును దున్నుకుంటూ పోయింది. వెనుక కొస తెగింది కాబట్టి సరిపోయింది. ముందు కొస తెగి నేలలో గుచ్చుకుంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. ఆనాటి నుంచి షాఫ్టు ముందు కొసకు ఇనుప పట్టీతో ఒక లూపు వేయకుండా ఏ బండినీ బయటికి తీయలేదు. 40 డాలర్ల ఇనుము అది.

ఈ మెలికను ఆపడానికి ట్రాక్షన్ బార్ అనే కడ్డీ వేస్తారు. ఒక కొస ఇరుసుకు, మరో కొస ఫ్రేముకు. బజారులో దొరుకుతుంది, వెల్డింగు వచ్చినవాడు మధ్యాహ్నంలోగా చేసి ఇస్తాడు. అంత ఖర్చు వద్దనుకుంటే మా ఆటోనగర్ మార్గం ఒకటుంది. కమాను ముందు సగంలోని పట్టీలను క్లాంపులతో బిగించి కట్టండి, వెనుక సగాన్ని స్వేచ్ఛగా వదిలేయండి. మెలికను ఎదుర్కొనేది ముందు సగం, గతుకును మింగేది వెనుక సగం. పెద్ద సిద్ధాంతం కాదు, మా మామయ్య ట్రాలీలకు చేసేవాడు.

వెనుక భాగం దించడానికి ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మలు పెడతారు. దిమ్మ ఎత్తు పెరిగేకొద్దీ మెలికకు మీట పొడవు పెరుగుతుంది, నేను పైన చెప్పిన సమ్మెట మరింత గట్టిగా కొడుతుంది. రెండు అంగుళాల దిమ్మతో ఆపండి. దించాక పీనియన్ కోణం (షాఫ్టు వచ్చి ఇరుసులో కలిసే కోణం) కొలిచి, తేడా ఉంటే ఇరుసుకూ కమానుకూ మధ్య ఏటవాలు షిమ్ము వేయండి. లేకపోతే హైవే మీద 60 మైళ్ళ దగ్గర కూర్చున్న సీటు వణుకుతుంది, ఆఫీసుకు వెళ్ళేసరికి కాఫీ ఒలికిపోతుంది.

ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్పాలి. హార్డ్‌బాడీ వెనుక బ్రేకు గొట్టంలో లోడును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. ఫ్రేమూ ఇరుసూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి, దగ్గరైతే సరుకు ఎక్కించారనుకుని వెనుక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. మీరు బండిని రెండు అంగుళాలు దించితే దాని దృష్టిలో తొట్టె నిండా సిమెంటు బస్తాలున్నట్టే. ఖాళీ బండికి నిండు బండి బ్రేకు వేస్తుంది. వానలో, ఆఫీసు నుంచి వస్తూ, ఎర్ర దీపం దగ్గర బ్రేకు తొక్కారనుకోండి, మీరు అడగకుండానే డ్రిఫ్ట్ అయిపోతుంది. దించిన రోజే ఆ వాల్వు లింకును కూడా అంతే మేరకు సర్దండి. ఖాళీ స్థలంలో తడినేల మీద బ్రేకు తొక్కి, ముందు చక్రాలే మొదట ఆగుతున్నాయని తేలాకే రోడ్డెక్కండి.

హ్యాండ్‌బ్రేకు సంగతి మీకు తెలుసు, ఈ బండిలో అది డ్యాష్‌బోర్డు కింద గొడుగు పిడిలా ఉంటుంది. లాగి, మెలిపెట్టి వదలాలి. దాంతో డ్రిఫ్ట్ మొదలుపెట్టడం జరిగే పని కాదు. వెనుక బ్రేకు గొట్టంలో చిన్న మాస్టర్ సిలిండరుతో పనిచేసే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకు వేయించండి. వెనుక డ్రమ్ములున్నా బాగానే పట్టుకుంటుంది, డిస్కుల కోసం పరుగెత్తకండి. అసలు హ్యాండ్‌బ్రేకును మాత్రం తీసేయకండి. హైడ్రాలిక్‌ది రాత్రంతా బండిని పట్టుకుని ఉండదు.

డిఫరెన్షియల్ దగ్గర, అంటే రెండు వెనుక చక్రాలకు శక్తిని పంచే పళ్ళ చక్రాల దగ్గర, మీకో మంచి అదృష్టం ఉంది. ఇప్పుడున్నది మామూలు రకం, జారుడులో లోపలి చక్రం ఒక్కటే గిరగిరా తిరిగి పొగలు కక్కుతుంది, బండి మాత్రం పోదు. రెండు చక్రాలూ కలిసి తిరగాలి. చవకైన మార్గం లోపలి స్పైడర్ పళ్ళ చక్రాలను వెల్డింగుతో కలిపేయడం. అలా చేసిన బండి పార్కింగులో చిన్న మలుపు తిప్పినా టైర్లు కీచుమంటాయి, తడిరోడ్డు మీద తోక ఊపుతుంది, టైర్లు తొందరగా అరుగుతాయి. రోజూ ఆఫీసుకు పోయే బండికి అది శిక్ష. అయితే నాలుగు సిలిండర్ల, రెండు చక్రాల డ్రైవు హార్డ్‌బాడీల్లో సాధారణంగా ఉండే ఇరుసు నుంచి డిఫరెన్షియల్ ముద్దంతా ముందువైపు నుంచి ఒక్కటిగా బయటికి వస్తుంది. పాత సామాన్ల యార్డులో అదే రకం రెండోది కొనండి. క్రౌన్, పీనియన్ నిష్పత్తి అంకె కాస్త పెద్దదిగా ఉన్నది దొరికితే మరీ మంచిది, బలం తక్కువ ఇంజిన్‌కు ఊతం. దాన్ని వెల్డింగు చేయించి పక్కన పెట్టుకోండి. ట్రాక్ రోజుకు ముందు శుక్రవారం సాయంత్రం అది ఎక్కించండి, ఆదివారం అసలుది తిరిగి పెట్టేయండి. చేయి తిరిగాక మూడు గంటల పని. వెల్డింగు చేసేవాడు ముందు నూనె జిడ్డు పూర్తిగా కడగాలి, ఇనుమును వేడిచేసుకోవాలి, పని అయ్యాక నిప్పురవ్వల గుళికలు ఒక్కటి కూడా లోపల మిగలకుండా చూడాలి. మిగిలితే బేరింగులు నమిలేస్తాయి.

టైర్ల గురించి క్లుప్తంగా. మంచివి ముందు, చవకవి వెనుక. వెడల్పాటి వెనుక టైర్లు వేస్తానన్నారు, వద్దు. 134 హార్స్‌పవర్‌కు వెడల్పు టైరు వేస్తే నేలను పట్టేసుకుంటుంది, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. కంపెనీ వెడల్పు చాలు, గాలి వెనుక 35 పీఎస్‌ఐతో మొదలుపెట్టి బండి జారే తీరు చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచండి.

వెనుక బరువు కోసం తొట్టెలో ఇసుక బస్తాలు వేస్తారని ఎక్కడో చదివానన్నారు. మంచుదేశంలో నెమ్మదిగా పోయేవాళ్ళు వేసుకుంటారు, వాళ్ళ అవసరం వేరు. డ్రిఫ్ట్‌లో తొట్టె చివర ఉన్న బరువు తాడు కొసన కట్టిన చెంబులాంటిది, ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపలేరు. పైగా కట్టని బస్తా క్యాబిన్ వెనుక అద్దంలోంచి మీ మెడ మీదికి వస్తుంది. బ్యాటరీని తెచ్చి క్యాబిన్ గోడ వెనుక, ఇరుసుకు ముందుండేలా ఇనుప పెట్టెలో బిగించండి. తొట్టె కింద వేలాడే స్పేర్ చక్రాన్ని ట్రాక్ రోజున దించేయండి. పెట్రోలు సగం ట్యాంకు కన్నా తగ్గనీయకండి, జారుడులో ఒక మూలకు చేరి పంపుకు అందదు.

అన్నిటికన్నా ముందు కొనవలసింది సీటు. మీ బండిలో ఉన్నది బల్లలాంటి పొడవు సీటు. మలుపులో మీరు పక్క సీటులోకి జారిపోతుంటారు, జారకుండా స్టీరింగ్‌ను పట్టుకుని వేలాడతారు. వేలాడే చేతులు స్టీరింగ్ తిప్పలేవు. కొత్తవాళ్ళు చేసే సగం తప్పులు నైపుణ్యం లోపాలు కావు, సీటు లోపాలు. పక్కలు ఎత్తుగా ఉన్న బకెట్ సీటు వేసుకున్న రోజున మీకే తెలుస్తుంది. హెల్మెట్ కార్ల పోటీలకు ఉద్దేశించిన స్నెల్ ఎస్‌ఏ ముద్ర ఉన్నది కొనండి. మోటారు సైకిలుదానికి మంటల పరీక్ష ఉండదు. క్యాబిన్‌లో ఇనుప పంజరం గురించి అడిగారు. ట్రాక్‌కే పరిమితమైన బండికి మంచిదే. హెల్మెట్ లేకుండా ఆఫీసుకు వెళ్ళే బండిలో అదే పంజరం తలకు శత్రువు. మీరు ఏడాదిపాటు వాడి చూశాక ఆలోచించండి.

పికప్ ఎత్తైన బండి. తారు మీద జారుతున్నంతసేపు సాధారణంగా బోల్తా పడదు. జారుతూ జారుతూ పక్క మట్టిలోకి దిగి చక్రం కూరుకుంటే మాత్రం పల్టీ కొడుతుంది. తారు వదులుతున్నానని అనిపించిన క్షణంలో పౌరుషం పక్కన పెట్టి చక్రాలు నేరుగా చేసి మట్టిలోకి నేరుగా వెళ్ళిపోండి. ఇది పడుకుని కలలో కూడా చేయగలిగేంత సాధన చేయండి.

ఇప్పుడు ఇంజిన్. మీది కేఏ24ఈ. 2,389 సీసీ, కంపెనీ లెక్క ప్రకారం 134 హార్స్‌పవర్. సిలిండరు వ్యాసం 89 మిల్లీమీటర్లు, స్ట్రోకు 96. అంటే పిస్టను దూరం ఎక్కువ పరుగెత్తే పొడవు స్ట్రోకు ఇంజిన్, నెమ్మదిగా తిరిగేటప్పుడు బాగా లాగుతుంది, మరీ వేగంగా తిరగడం ఇష్టం ఉండదు. ఇదే ఇంజిన్ అమెరికాలో 1989, 1990 నిస్సాన్ 240ఎస్‌ఎక్స్ కార్లలో ఉండేది. ఆ కార్లతోనే ఇక్కడ ఎంతోమంది డ్రిఫ్ట్ నేర్చుకున్నారు. కాబట్టి మీ బండి కులగోత్రాలు మంచివే. దీనికి చేయవలసినవి వేగానికి సంబంధించినవి కావు, ప్రాణానికి సంబంధించినవి. లక్షా తొంభై వేల మైళ్ళకు టైమింగ్ చైను గైడ్లు (ఇంజిన్ లోపలి గొలుసును దారిలో ఉంచే పట్టీలు) అరిగి ఉంటాయి. పొద్దున స్టార్టు చేయగానే ముందు కవరులో గలగల వినిపిస్తోందా? వినిపిస్తే అవి తక్షణం మార్చాలి. కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్, క్లచ్. టెక్సస్ ఆగస్టులో 40 డిగ్రీల ఎండకు నిలబడి మూడు నిమిషాలు ఎర్రగీత దగ్గర తిరిగే ఇంజిన్‌కు పాత రేడియేటర్ చాలదు. నూనె ఎప్పుడూ పై గీత దగ్గరే ఉండాలి.

ఏడాది తర్వాత ఇంకా బలం కావాలనిపిస్తే 1998 నుంచి 2004 వరకు వచ్చిన ఫ్రాంటియర్ పికప్‌లోని కేఏ24డీఈ వెతకండి. రెండు క్యాములు, 16 వాల్వులు, 143 హార్స్‌పవర్. అంకె చిన్నగా కనిపించినా, టర్బో పెట్టాలనుకుంటే అందరూ వెళ్ళేది దాని దగ్గరికే, విడిభాగాలూ అనుభవమూ దాని చుట్టూనే పోగయ్యాయి. వీ8 మాటకొస్తే, 900 డాలర్లు ఇంజిన్ ధర మాత్రమే. తర్వాత మౌంట్లు, నూనె తొట్టె, ఎగ్జాస్టు, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వైరింగు, కంప్యూటరు, పెట్రోలు పంపు, రేడియేటరు. అవన్నీ అయ్యాక ఆ 280 చిల్లర హార్స్‌పవర్‌కు మీ చిన్న ఇరుసు తట్టుకోలేదని తెలుస్తుంది. అప్పుడు ఇరుసు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, స్టీరింగ్ లూజు సరిచేయని బండికి వీ8 ముహూర్తం పెట్టకండి.

అమెరికా ర్యాలీ డ్రైవరు కెన్ బ్లాక్ 1977 నాటి ఫోర్డ్ ఎఫ్-150ని పొగల్లో తిప్పడం చూసి మనసుపడ్డానన్నారు. నాకూ ఇష్టమే. అయితే ఆ బండిలో పాతది పైన కనిపించే ఆకారమే. కింద గొట్టాలతో కట్టిన ఛాసిస్, రెండు టర్బోల వీ6, 914 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డ్రైవు. దాన్ని చూసి హార్డ్‌బాడీకి నకలు తీయడం కుదరదు.

మీ డబ్బును నేనైతే ఇలా ఖర్చుపెడతాను. సీటూ బెల్టులకు 500, స్టీరింగ్ భాగాలకు 450, టార్షన్ బార్లూ షాకులూ కలిపి 700, కమాన్ల పనికి 350, రెండో డిఫరెన్షియల్‌కు 250, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేకుకు 250, మామూలు బ్రేకుల మరమ్మతుకు 400, ఇంజిన్ ఆరోగ్యానికి 900, రిమ్ములూ టైర్లకు 900. మొత్తం 4,700. మిగిలిన 1,300 హెల్మెట్‌కూ, ట్రాక్ రుసుములకూ, అరిగే వెనుక టైర్లకూ. సగం పనులు మీ చేతులతో చేస్తేనే ఈ లెక్క.

మొదటి ట్రాక్ రోజున నీళ్ళు చల్లిన గుండ్రటి మైదానం ఉన్న చోటికి వెళ్ళండి. తడినేల మీద వేగం బాగా తగ్గుతుంది, టైర్లు అంతగా అరగవు, ఇరుసు మీద పెద్ద భారం పడదు, తప్పు చేయడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. వీధి కూడళ్ళలో గుంపులుగా చేరి తిప్పేవాళ్ళ జోలికి పోకండి. 2023లో టెక్సస్ చట్టాన్ని బిగించారు, బండిని అక్కడికక్కడే పట్టుకుపోతారు. వీసా మీద ఉన్నవాళ్ళకు అరెస్టు అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. ఎమిషన్ పరీక్ష గురించి అడిగారు. ఆ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా 24 ఏళ్ళు దాటిన బండ్లకు మినహాయింపు ఉంది, వార్షిక భద్రతా తనిఖీని మామూలు వాహనాలకు 2025 జనవరి నుంచి ఎత్తేశారు. తనిఖీ లేదు కాబట్టి మీ బ్రేకులకు ఇనస్పెక్టరు మీరే.

కర్నూలులో ఉన్న మీ తమ్ముడు పాత టాటా పికప్‌ను ఇలాగే చేయాలనుకుంటున్నాడన్నారు. రోడ్డు మీద తిరిగే బండికైతే వద్దని చెప్పండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషన్‌కే ముప్పు. అతనికి నిజంగా ఆసక్తి ఉంటే కోయంబత్తూరు, చెన్నై దగ్గర ట్రాకులున్నాయి, మొదట అక్కడ మామూలు కారుతో నేర్చుకోమనండి.

ఇవేవీ కొనకముందు ఒక పని చేయండి. ఈ శనివారం బండి కిందికి దూరి, క్యాబిన్ వెనుక భాగంలోనూ, కమాను ముందు కన్ను ఫ్రేముకు బిగిసే చోటా చిన్న సుత్తితో కొట్టి చూడండి. టెక్సస్‌లో పుట్టిన బండ్లకు తుప్పు తక్కువే, అయితే ఉత్తరాది ఉప్పు రోడ్ల నుంచి వచ్చి ఇక్కడ చేతులు మారినవి చాలా ఉంటాయి. ఈ ఫ్రేము పెట్టెలా మూసి ఉంటుంది, తుప్పు లోపలి నుంచి తింటుంది, పైకి రంగు నున్నగానే కనిపిస్తుంది. ఖంగుమని మోగితే సీటు కొనండి. దబ్ దబ్ అని చచ్చుగా మోగితే ఆ చోటు ఫొటో తీసి పెట్టండి, దాని సంగతి తేలేదాకా ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకండి.